మగ్గం చప్పుడు కుదిరేదాకా

అమ్మ గొంతు తీసేశారు. ఇంతకన్నా మెత్తగా ఆ మాట ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. హైదరాబాద్ దవాఖానలో గడ్డతో పాటు మాట పుట్టే చోటునే కోసేసి, ఊపిరి ఆడడానికి మెడ కింద రంధ్రం ఉంచారు. మాది భువనగిరి దగ్గర మగ్గాల ఇల్లు. నాయిన నేస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఆ చప్పుడును దాటి వాడకట్టంతా వినిపించేలా పిలిచే మనిషి, ఇప్పుడు స్టీలు గ్లాసును నేలకేసి కొట్టి మమ్మల్ని పిలిచేది. చదువు రాదు కాబట్టి రాసి చూపించే దారి కూడా లేదు.

అవి తొంభైల నడిమి రోజులు. నేను నల్లగొండలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. అమ్మకు జబ్బు రాకముందు, మాట తెర మీద ఎలా కనిపిస్తుందో పిల్లలకు చూపిద్దామని, ఇంట్లో ఆమె మాటల్ని క్యాసెట్‌లో పట్టుకొచ్చి ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ క్యాసెట్‌ను తర్వాత టేప్‌రికార్డరే నమిలేసింది. ఇక మిగిలింది కంప్యూటర్‌లోని ఫైల్ ఒక్కటే.

ఇంటికి పోయినప్పుడల్లా అమ్మ ముఖం చూస్తూ ఆ గొంతును గుర్తు తెచ్చుకోబోయేదాన్ని. ఆమె అన్న మాటలు గుర్తొచ్చేవి, తిట్లు గుర్తొచ్చేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు. నాకు భయం పట్టుకుంది. ఆ ఫైల్ కూడా పోతే అమ్మ గొంతు ఈ లోకంలో ఎక్కడా ఉండదు.

తెరిచి చూస్తే రేకుల మీద వాన పడ్డట్టు హోరు. అందులో ఉన్నవి ఉత్త అంకెలు. వాటిని ఎట్లా విడదీయాలో, ఎంత వేగంతో చదవాలో సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి. ల్యాబ్‌లో పాత యంత్రాన్ని మార్చినప్పుడు ఆ వివరాలన్నీ పోయాయి. క్లాసులయ్యాక రోజూ కూర్చుని ఒక్కో లెక్కా పెట్టి చూశాను. హోరు తగ్గి మాటలు తేలాయి గానీ, ఒక వేగానికి చిన్నపిల్ల కిచకిచ, మరో వేగానికి మగగొంతు. ఆ రెంటి నడుమ ఎక్కడ ఆపినా ఎవరో ఒక ఆడమనిషి మాట్లాడేది. వాళ్ళలో మా అమ్మ ఎవరు? కన్నకూతురికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తలను బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. ఏడ్చాను కూడా.

అప్పుడు మాటల వెనక ఉన్న మగ్గం చప్పుడు పట్టించుకున్నాను. అది నాయిన చెయ్యి. ఆ దరువు వింటూ రాట్నం మీద నూలు కండెలు చుట్టి పెరిగినదాన్ని. మాట సంగతి వదిలేసి, మగ్గం నాయిన నేసినట్టు ఆడేదాకా వేగాన్ని కొంచెం కొంచెం జరుపుతూ పోయాను. ఒకచోట నా చెయ్యి తనంతట తానే రాట్నం తిప్పినట్టు కదిలింది. ఆ మగ్గం చప్పుడు మీదుగా అమ్మ పిలుస్తోంది. అమ్మే.

దవాఖానలో చూపించుకోవడానికి నాయిన ఆమెను నల్లగొండకు తీసుకొచ్చిన రోజు ల్యాబ్‌కు రమ్మన్నాను. చల్లటి గది తనకు పడదని నాయిన బీడీ ముట్టించుకుని వరండాలోనే ఉండిపోయాడు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఫైల్ ఆడించాను. ఆమె శ్రద్ధగా విని, ఎవరామె అన్నట్టు చెయ్యి తిప్పింది.

"నువ్వేనమ్మా. అది నీ గొంతే."

కాదని తల అడ్డంగా ఊపింది. తన గొంతును బయటినుంచి ఆమె ఎన్నడు విన్నది గనక! ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. కోపం వచ్చింది.

"నీదే! జర మంచిగ ఇను!" అని అరిచి, స్పీకర్ శబ్దాన్ని పూర్తిగా పెంచి మళ్ళీ ఆడించాను. అమ్మ పాత గొంతు గదంతా మోగింది.

"ఇనవడ్తలేదా? మగ్గం ఆపి రావయ్యా, చాయ్ సల్లారుతాంది!"

వరండా తలుపు ధడాలున తెరుచుకుంది. నాయిన ఒక కాలికే చెప్పుతో లోపలికి ఉరికి వచ్చాడు.

"ఆఁ, వస్తున్న! ఏందే, పిలిచినవా?"

ఆయన చూపు అమ్మ నోటి మీదే ఉంది. ముఖమంతా నవ్వు. అమ్మ ఆయన్ను చూసింది, స్పీకర్‌ను చూసింది, మళ్ళీ ఆయన్ను చూసింది. మెడకు చుట్టుకున్న గుడ్డ మీదికి ఆమె చెయ్యి పోయింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది.

"పిలిచినవు గదనే?" అన్నాడు నాయిన, ఈసారి చిన్నగా.

అమ్మ గ్లాసు కోసం బల్ల మీద వెతికింది. గ్లాసు లేదు. అరచేత్తో బల్లను గట్టిగా కొట్టింది.

"ఆఁ, వచ్చిన," అన్నాడు నాయిన.