అబ్రహాము ఆపిన గట్టిమేళం

ఉభయ గోదావరి జిల్లాల్లో పేరు మోగిపోయాక కూడా, డ్రమ్మర్ అబ్రహాముని ఎలా పైకొచ్చారని ఎవరైనా అడిగితే, "వాయించి కాదండీ, వాయించడం మానేసి" అనేవాడు.

1978లో అతనికి పందొమ్మిదేళ్లు. తొమ్మిదో ఏట నుంచీ పాలకొల్లు లూథరన్ చర్చిలో పాటలకి డ్రమ్ము వాయించేవాడు. పాస్టరు గారు అరచెయ్యి పైకెత్తితే ప్రార్థన. డ్రమ్ము ఠక్కున ఆగాలి. అతను నేర్చిన శాస్త్రమంతా అదే. అయినా తన అంతటివాడు మద్రాసులో కూడా లేడని తల్లి ఏసమ్మకి రోజూ చెప్పేవాడు.

"మద్రాసు వాళ్లు అదృష్టవంతులు. ముందు కట్టెలు తేరా" అనేది ఆవిడ.

ఆ మాఘంలో బియ్యం వ్యాపారి గున్నేశ్వరరావు గారి కూతురు సత్యలక్ష్మి పెళ్లికి కాకినాడ నుంచి చంద్రరావు ఆర్కెస్ట్రా వచ్చింది. వాళ్ల డ్రమ్మర్‌కి జ్వరం. చంద్రరావు ఊళ్లో వాకబు చేసి అబ్రహాముని పిలిచి, "ఈ పెళ్లి దాటించావంటే పర్మనెంటు. లేదంటే మళ్లీ చర్చికే" అన్నాడు.

తీరా ఉదయం పదిన్నర ముహూర్తానికి సన్నాయి మేళం వాళ్ల బస్సు మార్టేరు దగ్గర చెడిపోయింది.

"గట్టిమేళం నీదే" అన్నాడు చంద్రరావు. " తాళి కట్టేటప్పుడు తుమ్ము లాంటిదేదీ ఎవరికీ వినపడకూడదు. పంతులు గారు అనగానే అదరగొట్టెయ్."

"నాకు చెప్పాలా అండీ!" అన్నాడు అబ్రహాము.

ముహూర్తం వచ్చింది. మెల్లగా వాయిస్తున్నాడు. పంతులు గారు "గట్టిమేళం!" అంటూ చెయ్యి పైకెత్తారు. మాట చెవికి చేరేలోపే ఎత్తిన అరచెయ్యి కంటపడింది. అంతే. కర్రలు చంకలోకి పోయాయి, తల వంగింది, కళ్లు మూతపడ్డాయి. పందిరి మొత్తం నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో పెళ్లికొడుకు మేనత్త అమ్మణ్ణి తుమ్మింది. ఆ తుమ్ముకి నరసాపురం కాలవలో పడవలు వెనక్కి తిరిగాయని అబ్రహాము ప్రమాణం చేసి మరీ చెప్పేవాడు.

తాళి పట్టుకున్న పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎవరా తుమ్మింది?" అన్నారు గున్నేశ్వరరావు గారు.

అమ్మణ్ణి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "తుమ్మేంటి అన్నయ్య గారూ! ఆ కుర్రాడి డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లేల చప్పుడండి."

అందరూ అబ్రహాము వైపు తిరిగారు. కాదంటే పెళ్లి ఆగుతుంది. అవునంటే తనకి వాయించడం రాదని మూడువందల మంది ముందు ఒప్పుకున్నట్టే; ఇక కాకినాడ మాట మర్చిపోవచ్చు. సత్యలక్ష్మి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నా పళ్లేలేనండి. చేతకాక అలా మోగాయండి."

"ఏదీ, మళ్లీ మోగించు" అన్నారు పంతులు గారు అనుమానంగా.

అబ్రహాము కాలి మీటతో జంట పళ్లేలు నొక్కి, కర్రతో ఒక్కటిచ్చాడు. "హాఛ్!" అచ్చం అమ్మణ్ణి తుమ్మే. ముందు వరసలో కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి "చిరంజీవ!" అన్నాడు.

"వాయిద్యం తుమ్మితే దోషం లేదు. కానివ్వండి" అని, ఈసారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "కొట్టరా బాబూ!" అని కేకేశారు పంతులు గారు.

అబ్రహాము కొట్టాడు. మూడు ముళ్లు అయిపోయాయి, తలంబ్రాలు అయిపోయాయి, మొదటి బంతి భోజనాలకి లేచింది. ఇంకా కొడుతూనే ఉన్నాడు. చివరికి చంద్రరావు వచ్చి కర్రలు లాక్కున్నాడు.

"ఇక నేను చర్చికేనా అండీ?"

"వాయించడం నేర్పొచ్చయ్యా. ఇంత తాళం తప్పకుండా అబద్ధమాడేవాణ్ణి ఎక్కణ్నుంచి తెచ్చుకోను? రేపు బయల్దేరు. ఒక్కటే షరతు, పెళ్లిళ్లలో పంతులు గారికి వీపు పెట్టి కూర్చోవాలి."

ఆ తర్వాత నాలుగేళ్లలో అబ్రహాము రెండువందల పెళ్లిళ్లు చేయించాడు. ఒక్క పెళ్లికొడుకు మొహమూ చూడలేదు.