అక్క ఏది రాసినా క్లియరే

కోచింగ్ సెంటర్లు నిండిన అశోక్‌నగర్ సందుల్లో ఎవరిని కదిపినా క్లియర్ అన్న మాటే. ప్రిలిమ్స్ క్లియర్, మెయిన్స్ క్లియర్. మా అక్క అన్నీ క్లియర్ చేసి సర్కారు కొలువులో కూర్చుంది. నేను ఎనిమిదిలోనే బడికి దండం పెట్టి చిక్కడపల్లిలో జాకెట్లు కుడుతూ కూర్చున్నాను. ఆ మాట వింటేనే నాకు కడుపు మండేది.

అక్క కడుపు కథ వేరు. నెలకు నాలుగు రోజులు మెలికలు తిరిగేది. అమ్మ ఆమెకు వేడినీళ్ల సంచీ, వాము నీళ్లు ఇచ్చేది. నాకేమో ఆమె వంతు గిన్నెలు. "నాటకాలు" అనేదాన్ని. తర్వాత డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అంది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరుగుతుందట. అండాశయంలో పాత రక్తం చేరి చాక్లెట్ సిస్ట్ కట్టిందట.

"రోగంల గూడ చాక్లెట్ నీకేనా అక్కా?" అన్నాను.

ఏళ్లు గడిచాక ఆ సిస్ట్‌లో గట్టి గడ్డ కనిపించింది. నారాయణగూడలో ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తీసిన గడ్డ ముక్క పరీక్ష కాగితం తేవడానికి నేనే వెళ్లాను. కూడబలుక్కుని చదివితే ఒక్క మాటే తెలిసింది: క్లియర్. ఇదీ క్లియర్ చేసిందా! సంతోషం కన్నా ముందు కుళ్లే వచ్చింది. అయినా కలాకంద్ కొనుక్కుని వెళ్లి ఆమె నోట్లో పెట్టాను.

"తీస్కో, క్లియరైంది."

అక్క కాగితం చదివింది. నమలడం ఆగిపోయింది.

"పిచ్చిదానా, గది క్యాన్సర్ పేరే. క్లియర్ సెల్."

మైక్రోస్కోప్ కింద కణాలు ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరట. అరుదైన రకం. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో చాలామందికి రాదట. ఎవరికో ఒకరికి అందులోంచే పుడుతుందట. అండాశయం దాటలేదు గానీ కీమో తప్పదన్నారు. నాటకాలన్నదాన్నే, ఆ పూట ఆమె వంతు గిన్నెలు అడక్కుండానే తోమాను.

అయితే కుళ్లు పోయిందా? అబద్ధమెందుకు, పోలేదు. కీమో రోజుల్లో ఇల్లంతా అక్క చుట్టే తిరిగింది. నాకు జ్వరమొస్తే గోలీ వేసుకోమన్నారు.

కీమో ముగిశాక మొన్న స్కాన్ రిపోర్టు వచ్చింది. అక్క విప్పకుండానే నా చేతికిచ్చింది.

"సదువు. పోయినసారి మస్తు సదివినవ్ గద."

రెండో పేజీలో ఒక మాట మీద వేలు పెట్టాను. "అక్కా, మళ్ల ఉన్నదే ఆ మాట."

లాక్కుని చూసింది. "ఊపిరితిత్తులు క్లియర్‌గ ఉన్నయని రాసిండ్రే. గడ్డ ఏడ గూడ లేదట."

"అంటే పాసా?"

"పాసే."

"ఎప్పుడు జూడు నువ్వే పాసైతవ్" అని, అమ్మ ఆమె కోసం తెచ్చి పెట్టిన కలాకంద్ డబ్బా ఆమెకు అందకుండా నా ఒళ్లో పెట్టుకుని విప్పాను.