మబ్బులేని ఉరుము

వేరుశనగ పొట్టు వాసన ఎక్కడ తగిలినా నా బొటనవేలు మండుతున్నట్టే ఉంటుంది. నిన్న కదిరిలో కాయలు ఒలిచే మిషను పక్కనుంచి నడుస్తుంటే మళ్లీ అలాగే అయింది.

నల్లమాడ దగ్గర మా ఊళ్లో, ఎండలు ముదిరి ఎర్రదుమ్ము లేచే రోజుల్లో, ఇంటిల్లిపాదీ తిన్నె మీద కూర్చుని విత్తనం కాయలు ఒలిచేవాళ్లం. వేళ్లు వాస్తే కాయను నేలకేసి కొట్టేవాళ్లం, అవ్వ అటు తిరిగినప్పుడు నాలుగు గింజలు బెల్లం ముక్కతో కలిపి నోట్లో వేసుకునేవాళ్లం. అయితే వాన జాడ తెలిసేదాకా నాయన సంచి విప్పనిచ్చేవాడు కాదు. ఒలిచిన గింజను తొందరగా విత్తకపోతే మొలకెత్తదు.

ఆ ఏడు ఒక మధ్యాహ్నం, ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేనప్పుడు, వెంటవెంటనే ‘ఢాం, ఢాం’ అని రెండు దెబ్బలు. అటక మీది గిన్నెలు గలగలలాడాయి, కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

“దక్షిణాన ఉరిమిందిరా. హిందూపురం పక్క వాన పడతాండాది,” అంది అవ్వ.

ఎదురింటి ఖాదర్ మామ బెంగళూరులో పనిచేసి వచ్చినవాడు. “వాన కాదన్నా, ఇమానం. ఆడ కొత్తవి నడిపి చూస్తాంటారు,” అన్నాడు.

“ఇమానమైతే యాడప్పా? కనపళ్లేదు కదా!” అన్నాడు నాయన.

మెడ నొప్పి పుట్టేదాకా నేనూ ఆకాశమంతా వెతికాను. ఏమీ లేదు. కంటికి ఆనని విమానం కంటే చెవిన పడిన ఉరుమే అందరికీ నమ్మకంగా తోచింది. ఆ సాయంత్రమే సంచులన్నీ విప్పి కాయలు ఒలిచేశాం.

వాన రాలేదు. ఎప్పటికో వచ్చాక విత్తితే, ఎక్కడో ఒక మొక్క తప్ప మొలవలేదు. మళ్లీ కొనే స్తోమత లేక చేను బీడు పెట్టాం. నాయన కంచం ముందునుంచి తినకుండా లేచిపోతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆ కనపడని విమానం మీద చెప్పలేనంత కోపమొచ్చింది.

ఆ కోపమే తర్వాత ఆరాగా మారి, దొరికిందల్లా చదివించింది. శబ్దాన్ని మించిన వేగంతో పోయే విమానం తన చప్పుడును వెనకే వదిలేసి పోతుందట. మనం తలెత్తేసరికి అది ఎక్కడో ఉంటుంది. దారిలోని గాలి తప్పుకునే వ్యవధి లేక ఒత్తుకుపోయి, ముక్కు వైపు నుంచి ఒక దెబ్బ, తోక వైపు నుంచి ఒక దెబ్బగా నేలను తాకుతుందట. ఇప్పుడేమో ఆ ఒత్తిళ్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కాకుండా, ముక్కును సన్నగా, పొడుగ్గా సాగదీసి, కిందివాళ్లకు పక్కింటి తలుపు వేసినంత చప్పుడే వినపడేలా తయారుచేసి చూస్తున్నారట. ఆ ముక్కేదో ముందే సాగదీసి ఉంటే మా విత్తనం దక్కేది కదా అనుకుంటాను.

మొన్న మళ్లీ మోగింది. వీధిలో ఎవరూ తలెత్తలేదు. నాయన మాత్రం బయటికొచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దక్షిణం వైపు చూస్తున్నాడు.

“ఇమానమే కదా నాయనా?” అన్నాను.

“తెలుసులేమ్మా. యాడన్నా మబ్బుండాదేమోనని.”

మబ్బు లేదు. ఉన్నా విత్తడానికి చేనూ లేదు. బీడు పెట్టిన మరుసటి ఏడే అమ్మేశాం. అయినా ఆయన పక్కన నిలబడి నేనూ కాసేపు చూశాను.