ఫోటోలో దిద్దిన కన్ను

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఫోటో దిగేది గల్ఫ్‌కు పంపడానికే. మా బాపు దుబాయిలో తాపీపని చేసేవాడు. ఆయన వెళ్లిన ఐదో నెలలో చెల్లె పుట్టింది. ఏడాది దాటినా బాపు ఆ బిడ్డ మొహం చూడలేదు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే అడిగేవాడు, ఫోటో పంపమని.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఒకరోజు అవ్వ చెల్లెకు కొత్త గౌను తొడిగి, నన్నూ వెంటబెట్టుకుని ధర్మపురి బస్సెక్కింది. అక్కడ ఫోటోలు తీసే ఆయనను అందరూ స్టూడియో మామ అనేవారు. ఏడ్చే పిల్లలను నవ్వించడానికి నెత్తిన టోపీ పెట్టుకుని కోతిలా గెంతేవాడు. మంచి మనిషి. ఇన్నేళ్లుగా ఆయన మీద కోపం పెట్టుకున్నదాన్ని నేను, అయినా ఆ మాట రాయక తప్పదు.

వారం తర్వాత ఫోటో కోసం మళ్లీ వెళ్లాం. ఫోటోలో అవ్వ ఒళ్లో చెల్లె, పక్కన బిగుసుకుపోయి నేను. చెల్లె కంటిపాప ఒకటి నల్లగా ఉంది. రెండోది సున్నపు చుక్క పెట్టినట్టు తెల్లగా ఉంది. చూడగానే అవ్వ మొహం వాడిపోయింది.

“లైటు పడ్డదమ్మా, ఫికర్ జెయ్యకు. జర ఆగు, సాఫ్ జేసిస్త” అన్నాడు మామ. సన్నటి కుంచెను నల్లసిరాలో ముంచి ఆ తెల్లచుక్క మీద జాగ్రత్తగా దిద్దాడు. ఆరేదాకా నోటితో ఊదాడు. రెండు కళ్లూ ఒక్కతీరుగా అయ్యాయి.

నాకు మాత్రం తెలుసు. సాయంత్రం గడపలో కూర్చోబెట్టి అన్నం తినిపించేటప్పుడు ఆ కన్ను పిల్లికన్నులా మెరిసేది. “అవ్వా, ఇంట్ల గూడ గట్లనే మెరుస్తది గదా” అన్నాను. అవ్వ నా చెయ్యి గట్టిగా గిల్లింది. “నోర్ముయ్యే! బాపుకు తెలిస్తె ఆడ పరేషాన్ అయితడు.” తొమ్మిదేళ్లదాన్ని. నోరు మూసుకున్నాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఫోటోను గదిలో ఉన్నవాళ్లందరికీ చూపించాడట బాపు. బిడ్డవి అచ్చం మా నాయనమ్మ కళ్లేనని రాశాడు. నాయనమ్మ ఆ ముక్కను నాచేత నాలుగుసార్లు చదివించుకుంది.

తర్వాత చెల్లెకు ఆ మెరిసే కన్నుకే మెల్ల వచ్చింది. మెల్లకన్ను ఇంటికి అదృష్టమని నాయనమ్మ వాడకట్టులో ఇరుగుపొరుగునంతా పిలిచి చూపించింది. ఇంకొన్నాళ్లకు కన్ను ఎర్రబడింది. ఆ ఎండాకాలం ఊళ్లో సగం మందికి కళ్లకలక. ఇదీ అదేననుకుని ఆముదం చుక్కలు వేశారు. ఊళ్లోవాళ్లకు తగ్గింది. చెల్లెకు తగ్గలేదు, కన్ను వాచింది.

బాపు సెలవు మీద వచ్చాడు. చెల్లె కొత్త మనిషిని చూసి బెదరలేదు, ఒళ్లోకి ఎక్కింది. బాపు అరచేత్తో దాని ఒక కన్ను మూస్తూ తీస్తూ ఆడించాడు. వాచిన కన్నును అరచేతితో కప్పితే నవ్వుతూనే ఉంది. మంచి కన్ను మూయగానే చేతులతో గాలిలో తడుముతూ ఏడ్చింది. బాపు మళ్లీ మూశాడు. మళ్లీ ఏడ్చింది. తెల్లారి కరీంనగర్ వెళ్లాం, వాళ్లు హైదరాబాద్ పొమ్మన్నారు. చెల్లెను ఎత్తుకోవడానికి నన్నూ తీసుకుపోయారు.

ఈ కన్ను ఎప్పుడైనా తెల్లగా మెరిసిందా, ఫోటోలోనైనా కనబడిందా అని డాక్టరు అడిగాడు. బాపు జేబులోంచి ఆ ఫోటో తీశాడు. మడతలు పడి ఉంది. “లేదు సారూ, సూడుండ్రి, గప్పుడు మంచిగనే ఉండె.”

అవ్వ తల దించుకుంది. “అది సిరా” అన్నాను నేను.

డాక్టరు స్పిరిట్ ముంచిన దూదితో ఫోటోను తుడిచాడు. నలుపంతా ఫోటోలోని చెల్లె చెంప మీదికి పాకింది. కింద తెలుపు బయటపడింది. కంటిలో పుట్టే క్యాన్సరట. ఈ ఫోటో దిగిన నాడు తెచ్చి ఉంటే కన్ను పోయినా బిడ్డ దక్కేదేమో, ఇప్పుడు మెదడుకు పాకిందన్నాడు. కన్ను తీసేశారు. మూడేళ్లు నిండకముందే చెల్లె పోయింది.

బాపు ఎవరినీ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. స్టూడియో మామ వచ్చి మా గడప దగ్గర కూర్చుని ఏడ్చాడు. నీళ్లివ్వమంది అవ్వ. నేను ఇవ్వలేదు. ప్రేమతోనే దిద్దాడని తెలుసు. ఆయన మీద కోపం పోలేదు. ఒకసారి గిల్లితే నోరు మూసుకున్న నా మీద అసలు పోలేదు.

ఇప్పుడు ఎవరి ఇంట్లో పసిబిడ్డ కనబడినా నేను ముందు కళ్లు చూస్తాను. ఒక కన్ను మూసి ఆడిస్తాను, తర్వాత రెండోది. “అత్తమ్మా, గీ పరేషాన్ ఎందుకు?” అని కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

మొన్న మనవడు నా పెట్టెలోంచి ఆ ఫోటో తీసి తన ఫోన్‌లో బాగుచేసి తెచ్చాడు. మడతలు పోయాయి, చెంప మీది సిరా మరక పోయింది. చెల్లె రెండు కళ్లూ నల్లగా, ఒక్కతీరుగా ఉన్నాయి. నన్ను సంతోషపెట్టాలనే చేశాడు పాపం. వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని కథంతా చెప్పాను.

“ఆ నలుపు తీసెయ్ బిడ్డా,” అన్నాను, “ఆ కన్నును తెల్లగనే ఉండనియ్.”