పెద్ద గొంతు

బస్సులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకు ఏడుపొస్తుంది. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మనవాళ్లు మరమగ్గాల పనికి వలసవెళ్లే మహారాష్ట్రలోని భివండీలో బస్సెక్కాను. నా పక్కన ఒకామె, కిటికీ దగ్గర ఏడో తరగతి చదివే వయసున్న ఆమె కూతురు కూర్చున్నారు. కామత్‌ఘర్‌లో ఎక్కిన ఒక ముసలాయన కండక్టర్‌తో అరిచినట్టు మాట్లాడాడు. ఏళ్లకేళ్లు సాంచాల, అంటే ఆ మరమగ్గాల, చప్పుడులో పనిచేసి చెవులు పోయినవాళ్ల గొంతు అలాగే ఉంటుంది.

“బాప్ రే, అమ్మా! మైకు ఎక్కిందే!” అని పిల్ల ఆయనలాగే గొంతు పెట్టి నవ్వింది.

తల్లి కోప్పడలేదు. “మీ బాపు గొంతు గూడ గంతే బిడ్డా. నువ్వు పాలు తాగేటప్పుడే పోయిండు, నీకెట్ల ఎరుక?” అంది.

పిల్ల నవ్వు ఆగిపోయింది. “నన్నెట్ల పిలుస్తుండె?”

తల్లి పిలిచి చూపించబోయింది. అంత పెద్ద గొంతు ఆమెకు రాలేదు.

కాసేపటికి పిల్ల లేచి వెళ్లి ముసలాయన చెవి దగ్గర నోరు పెట్టింది. “తాతా, నా పేరు లావణ్య. ఒక్కసారి పిలువవా?”

ఎందుకో ఆయనకు తెలియదు. అయినా, “లావణ్యా! ఓ బిడ్డా!” అని బస్సంతా తిరిగి చూసేలా పిలిచాడు.

నేనెవరో తెలియకపోయినా తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అచ్చం గట్లనే పిలుస్తుండె, చెల్లె.”