నీళ్లు లేవని చెప్పినవాడు

రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో తిప్పేస్వామికి రెండు పేర్లుండేవి. బోర్లు వేసుకునేవాళ్లు కరెంటుపెట్టె స్వామి అనేవారు. వీధి నాటకాలు చూసేవాళ్లు జోకుల స్వామి అనేవారు. ఎండాకాలం ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున నీళ్లకోసం నేలను పరీక్షించేవాడు. ఆ పని లేనప్పుడు అదే సంస్థ నాటక బృందంతో ఊళ్లు తిరిగేవాడు.

పరీక్ష చూడ్డానికి ఊరంతా వచ్చేది. చేలో వరసగా నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటిగుండా తన పెట్టెలోంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య కొలత తీసేవాడు. బయటి కడ్డీల్ని దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి బండయితే అంకె పెరుగుతుంది. తడి ఉంటే తగ్గుతుంది. జనం గుండ్రంగా నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆట మొదలుకాబోతున్నట్టే ఉండేది అతనికి.

నల్లబండపల్లిలో సుంకమ్మ చేను పరీక్షించిన రోజూ అలాగే ఉంది. మొగుడు పోయాక నాలుగెకరాల్లో చెనక్కాయ వేసి, వానకోసం మొగులు చూసీ చూసీ విసిగిపోయిన మనిషి. నేల ఎంత ఎండిందంటే కడ్డీలనుంచి నేలలోకి కరెంటు దిగలేదు. తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్లలో ఉప్పు కలిపి తనే కడ్డీల మొదట్లో పోసింది. అంకెలు పెరుగుతూ పోయాయి. తూర్పు గట్టు దగ్గర మాత్రం ఒక్కచోట కాస్త దిగాయి. నీళ్లున్నా అలా దిగుతాయి, వట్టి బంకమన్నున్నా దిగుతాయి. ఏదో తేల్చాలంటే మర్నాడు అడ్డంగా ఇంకో వరస కొట్టి చూడాలి.

"ఏమప్పా, పడ్తాదా?" అన్నాడొకాయన.

"చెప్పు నాయనా. నువ్వు యాడ జూపిస్తే ఆడ ఏస్తా" అంది సుంకమ్మ.

నలభై జతల కళ్లు అతని మీదే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ కళ్లను చదవడమే అతని విద్య. ఎక్కడ ఆగాలో, ఏ మాటకు నవ్వుతారో, ఏం వినడానికి వచ్చారో అవే చెప్పేవి. ఆరోజూ చెప్పాయి. ఆ చూపుల ముందు "రేపు చూద్దాం" అనలేకపోయాడు.

తూర్పు గట్టు చూపించి "ఈడ ఏయండి" అన్నాడు. జనం ఈలలు వేశారు.

బోరు బండి వచ్చింది. మూడు వందల అడుగులు పోయినా తెల్లటి దుమ్మే లేచింది. తిప్పేస్వామి అక్కడే నిలబడ్డాడు. ఆట బాగాలేకపోతే జనం కేకలేస్తారు, మట్టిపెళ్లలు విసురుతారు. ఇక్కడ మాత్రం మొహం మీది దుమ్ము తుడుచుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సుంకమ్మ కూడా.

మూడు నెలలు పెట్టె ముట్టలేదు. ఆ ఏడాది బృందం బోర్లమీద నాటకం కట్టింది. ఊరివాళ్లను మెప్పించడానికి నోటికొచ్చిన చోటు చూపించే పెట్టె మనిషి పాత్ర తనే రాసుకుని, తనే వేశాడు. జనం పడీపడీ నవ్వారు. నవ్వినకొద్దీ అతనికి గుండె బరువు కొంచెం దిగినట్టుండేది.

నల్లబండపల్లి వంతు వచ్చినప్పుడు జ్వరమని తప్పించుకుందామనుకున్నాడు. ఆ పాత్ర ఇంకెవరికీ రాదు. వెళ్లాడు.

సాయంత్రం నాలుగింటికి పాల కేంద్రం ముందు ఆట. పెట్టె మనిషి వంకరటింకరగా నడిచొచ్చాడు. ఎవరూ నవ్వలేదు. కళ్లు తిప్పాడు, తడబడి పడ్డాడు. అయినా నవ్వలేదు. గడ్డిమోపుతో వెనక నిలబడ్డ సుంకమ్మ నోరు తెరిచింది.

"ఆపప్పా. ఆ పొద్దు నువ్విట్ల ఎగర్లేదు. నా మొగం జూడకుండా జెప్పినావు. నేను జూసినా."

తిప్పేస్వామి లేచి మట్టి దులుపుకున్నాడు.

"జూసి గూడా ఊరుకున్నా. ఉండాయని నీ నోటితో అనిపించుకోవాలని నాకే ఆశ. నీదొక్కటే తప్పయినట్ల ఆడతాండావే, మా తప్పు యాడబోయ?"

మోపు కింద పడేసి ఆటకు గీసిన గిరిలోకి వచ్చేసింది. "ఊ, ఇప్పుడు అడుగుతా. చెప్పు నాయనా, ఈ చేన్లో నీళ్లుండాయా?"

రాసుకున్న మాటలేవీ పనికిరాలేదు. తిప్పేస్వామి తలకు చుట్టిన రంగుగుడ్డ విప్పాడు. "నాకు తెల్దమ్మా. ఇంగోసారి జూడల్ల. జూసినంక లేవంటే లేవనే చెప్తా. ఓర్చుకుంటావా?"

"ఓర్చుకుంటాం లే" అంది. ఊరందరి తరఫునా ఆమె అన్న ఆ "టాం" విని వెనకనుంచి ఎవరో దగ్గారు. పాల కేంద్రం అరుగుమీది ముసలాయన అందుకున్నాడు: "ఆ చేన్లో లేకపోతే ఊర్లో ఇంక యాడన్నా ఉండాయా? అది జెప్పు ముందు." ఆ తర్వాత అది నాటకం కాలేదు. పాల డబ్బాలు నిండేదాకా వాదులాడుకున్నారు.

మరుసటి వారం కడ్డీలు కొట్టడానికి ఊరంతా తలో చెయ్యి వేసింది. సుంకమ్మ చేను మళ్లీ చూశారు. తూర్పు గట్టు కింద ఉన్నది వట్టి బంకమన్నే. తిప్పేస్వామి అందరి ముందూ ఆ మాట చెప్పాడు. ఈసారి సుంకమ్మ మొహం చూస్తూనే చెప్పాడు. మూడు రోజులు వెతికితే వాన నీళ్లు పారే వంక పక్కన ఒకచోట నిలువు వరసలోనూ అడ్డ వరసలోనూ అంకె దిగింది. అక్కడ బోరు వేస్తే పడ్డ నీళ్లు గొప్పగా ఏమీ లేవు, ఒకటిన్నర అంగుళం ధార. ఆరు కుటుంబాలు వంతులేసుకుని పారించుకున్నాయి. అందులో ఒక వంతు సుంకమ్మది.

తర్వాత బృందం నాటకంలో సుంకమ్మ పాత్రనూ కలిపింది. మరో నాలుగూళ్లలో ఆ పాత్ర ఆమే వేసింది. ఆముదాల కోతలు రాగానే, "నాకు పనుండాది స్వామీ, మీరే ఆడుకోండి" అని మానేసింది.

తిప్పేస్వామి అరవై దాటేదాకా కడ్డీలు కొట్టాడు. పది చేలు చూస్తే ఆరింట లేవనే చెప్పేవాడు. చెప్పాక తీగలు చుట్టుకుని వెంటనే బయల్దేరేవాడు కాదు. ఆ చేనివాళ్లతో గట్టుమీద కూర్చుని, వాళ్లు మాట్లాడితే వినేవాడు. మాట్లాడకపోతే తనూ ఊరికే కూర్చునేవాడు.