దొడ్డి గుమ్మం

తణుకులో మా కాపురం కొట్టు వెనకే ఉండేది. ముందు కొట్టు, మధ్యన మేము, వెనక దొడ్డి. బియ్యం బస్తాలూ బెల్లం దిమ్మలూ ఆ దొడ్డిలోనే దించేవారు. మరుగుదొడ్డి ఆ చివర గోడ మూలన. కూలీలు పనిలోకి వచ్చాక అటు వెళ్లాలంటే అంతమంది మగవాళ్ల మధ్యనుంచి చెంబు పట్టుకుని నడవాలి. అందుకని తెల్లవారకుండా వెళ్లొచ్చేదాన్ని. మళ్లీ దొడ్డి ఖాళీ అయ్యాకే. మధ్యలో అవసరం రాకుండా నీళ్లు తాగడం మానేశాను. కోడలు కాపురానికి వచ్చినప్పుడు ఆ పిల్లకీ అదే నేర్పాను.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నాకు మూత్రంలో మంట, నడుం నొప్పి పట్టుకున్నాయి. ఇంగ్లీషు మందులు దండగన్నాను. అబ్బాయి నన్నూ, తోడుగా కోడల్నీ ఆయుర్వేద వైద్యుడుగారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయుర్వేదంలో నాకు తెలియనిదేముంది అనుకున్నాను. శొంఠి, వాము, మిరియాల కషాయం, బాలింతలకి పెట్టే కాయం, అన్నీ నా చేతుల మీద నడిచినవే.

ఆయన మందు మాట ఎత్తలేదు. నాడి చూసి, ఎన్నింటికి లేస్తారు, ఆకలి ఎప్పుడు వేస్తుంది, నిద్ర ఎలా పడుతుంది అని అడుగుతూ పోయారు. వాతం, పిత్తం, కఫం అందరి ఒంట్లోనూ ఉంటాయనీ, తిండీ నిద్రా వేళ తప్పితే వాటి సమతూకం చెడుతుందనీ చెప్పారు. అంతవరకూ పెద్దరికంగా తలూపాను. తర్వాత, పక్కన అబ్బాయి ఉండగానే, మూత్రానికి రోజుకి ఎన్నిసార్లు వెళతారని అడిగారు. కన్నకొడుకు ముందు ఆ మాట ఎలా చెప్పను? అందరిలాగేనండి అని గోడకేసి చూశాను.

ఆయన అబ్బాయిని బయట కూర్చోమన్నారు. అయినా నేను గోడకేసే చూస్తున్నాను. కోడలు చెప్పింది, నేలకేసి చూస్తూ.

"పొద్దున్న చీకటితో ఒకసారి వెళతారండి, మళ్లీ రాత్రికేనండి. మధ్యలో నీళ్లు కూడా ముట్టరు."

"నీకెలా తెలుసమ్మా?"

"నేనూ అంతేనండి, కాపురానికొచ్చినప్పుడే నేర్పారు. నాకూ మంటగానే ఉంటోందండి. అత్తయ్యగారికి చెప్పలేదు."

వైద్యుడుగారు గొంతు పెంచలేదు. "వచ్చిన వేగాన్ని ఆపకూడదమ్మా. మూత్రం, మలం, ఆకలి, దాహం, తుమ్ము, ఆఖరికి కన్నీళ్లు కూడా. ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. మీరు ఆపుకున్నది చాలక ఈ పిల్ల చేతా ఆపించారు."

పల్లేరు కాయల కషాయం ఇద్దరికీ రాసిచ్చారు. నీళ్లు తాగకుండా, అవసరమైనప్పుడు వెళ్లకుండా ఎంత కషాయం పోసినా లాభం లేదన్నారు.

రిక్షాలో కోడలి ముఖం చూడలేకపోయాను. మధ్యాహ్నంపూట రుబ్బురోలు దగ్గర పనాపి పెదవి కరుచుకుంటే, బద్ధకమని ఎన్నిసార్లు కసిరానో. ఇంటికొచ్చాక వైద్యుడుగారు ఏమన్నారని అబ్బాయి అడిగాడు. దొడ్డిలో మరుగుదొడ్డి దారి కనబడకుండా తడిక కట్టించమన్నాను. సంతరోజున తాటాకు తెప్పిస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేనే గ్లాసుతో నీళ్లిస్తే, కోడలు నా వంక చూస్తూ తాగింది. కాసేపటికి చెంబుతో దొడ్డి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. బయట బస్తాలు దించుతున్నారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకేసి చూసింది, వెళ్లొచ్చా అన్నట్టు. వెళ్లవే అని నోటితో చెప్పే బదులు, ఆ పిల్ల చేతిలో చెంబు తీసుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని నేనే ముందు మెట్టు దిగాను.

కూలీల్లో ఎవరో దారిలో ఉన్న బస్తా పక్కకి లాగారు. తలెత్తకుండా నడిచాను. వెనక కోడలి మట్టెల చప్పుడు వినబడుతూనే ఉంది.